కిండర్‌గార్టెన్‌లో బ్లాకుల మూల, స్వేచ్ఛా ఆట: ఏర్పాటు చేయడం, నడపడం, సరిదిద్దుకోవడం

బ్లాకులు తెప్పించి ఒక మూలన పెట్టామని, వారం తిరిగేసరికి పిల్లలు వాటిని విసురుకోవడం తప్ప మరేమీ చేయడం లేదని చాలామంది టీచర్లు అంటుంటారు. ఇష్టమొచ్చినట్టు ఆడుకోమంటే గదంతా గోలగా మారుతోందన్నది మరో ఫిర్యాదు. చాలా తరగతుల్లో ఈ రెండింటికీ మూలం ఒకటే. అక్కడ సామాను అమరింది గాని స్థలం, సమయం, పెద్దల పాత్ర అమరలేదు. స్వేచ్ఛా ఆట టీచరుకు విశ్రాంతి సమయం కాదు; నిర్దేశించి చెప్పే పాఠం కన్నా దీనికి ముందస్తు తయారీ ఎక్కువ కావాలి, ఆట మొదలయ్యాక మాత్రం మాట తక్కువ కావాలి.

ఈ మార్గదర్శి సుమారు మూడు నుంచి ఆరేళ్ల పిల్లల తరగతిని దృష్టిలో పెట్టుకుని రాసింది. ఇచ్చిన క్రమంలోనే అమలు చేస్తే మంచిది, ఎందుకంటే మొదటి నాలుగు అంచెల్లో వదిలేసిన లోపాలే ఆ తరువాత పిల్లల ప్రవర్తనా సమస్యల్లా కనిపిస్తాయి.

## 1. ఎంపిక నిజంగా పిల్లల చేతిలో ఉందో లేదో తేల్చుకోండి

స్వేచ్ఛా ఆటలో బిడ్డ మూడు విషయాలను తానే నిర్ణయించుకుంటుంది: దేనితో ఆడాలి, ఎవరితో ఆడాలి, ఎంతసేపు ఆడాలి. గదిలో ఏ సామాను ఉండాలి, ఏ పనులకు అనుమతి లేదు, ఆట ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియాలి అన్నవి టీచరు నిర్ణయాలు. ఈ రెండింటి మధ్య గీత స్పష్టంగా ఉంటే పిల్లలకూ టీచరుకూ ఇబ్బంది తగ్గుతుంది.

పేరుకు ఎంపికే అయినా నిజానికి ఎంపిక కాని పద్ధతులు కొన్ని ఉన్నాయి. వీటిలో ఏదైనా మీ తరగతిలో ఉంటే ముందు దాన్ని మార్చండి.

- పది పదిహేను నిమిషాలకోసారి గంట కొట్టి, గుంపులను ఒక మూల నుంచి మరో మూలకు మార్చడం.
- వర్క్‌షీటు పూర్తి చేసినవారికే ఆట అని షరతు పెట్టడం.
- ఆట సమయమని చెప్పి, ఈ రోజు అందరూ వంతెనే కట్టాలని చెప్పడం.
- తప్పు చేసిన బిడ్డకు శిక్షగా ఆట సమయాన్ని కోత పెట్టడం.

రెండోది అన్నింటికన్నా ఎక్కువ హాని చేస్తుంది. రాత పని నెమ్మదిగా చేసే పిల్లలకు ఆ షరతు వల్ల ఆట ఎప్పటికీ అందదు. చేతివేళ్ల పట్టు, చూపు, చేయి కలిసి పనిచేసే నేర్పు పెరగడానికి ఆ ఆట ఎవరికి ఎక్కువ అవసరమో వారే దానికి దూరమవుతారు. వంతెన కట్టించే పాఠం చెప్పడంలో తప్పేమీ లేదు, దానికి వేరే సమయం కేటాయించుకోవాలి.

## 2. సామాను ఎంచుకోండి

అన్నింటికన్నా ముందు కొనవలసినవి రంగులు వేయని చెక్క యూనిట్ బ్లాకులు. 20వ శతాబ్ది తొలి దశకాల్లో అమెరికా విద్యావేత్త కారొలైన్ ప్రాట్ రూపొందించిన ఈ బ్లాకుల్లో మందం, వెడల్పు, పొడవు 1:2:4 నిష్పత్తిలో ఉంటాయి. అసలు యూనిట్ సుమారు 3.5 సెంటీమీటర్ల మందం, 7 సెంటీమీటర్ల వెడల్పు, 14 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. అందులో సగం ఉండేది సగం యూనిట్, 28 సెంటీమీటర్లది రెట్టింపు యూనిట్, 56 సెంటీమీటర్లది నాలుగింతల యూనిట్.

ఈ కొలతలను మార్చకూడదు. రెండు సగం యూనిట్లు పక్కపక్కన పెడితే ఒక యూనిట్‌కు సరిగ్గా సరిపోతాయని, యూనిట్ బ్లాకు అయిపోయినప్పుడు ఆ లోటును అలా పూడ్చుకోవచ్చని బిడ్డ ఎవరూ చెప్పకుండానే కనిపెడుతుంది. భిన్నాల గురించి మొదటి అవగాహన ఇక్కడే మొదలవుతుంది. కొలతల్లో పొంతన లేని కలగాపులగం సెట్టులో ఆ అవకాశం పోతుంది, పైగా కట్టినది వంకరగా నిలిచి ఊరకే పడిపోతుంది.

నలుగురైదుగురు ఒకేసారి కట్టుకునే మూలకు కనీసం 100 నుంచి 150 బ్లాకులు ఉండాలని నా అభిప్రాయం. అంతకన్నా తక్కువైతే ఆట కాస్తా వాటాల తగాదాగా మారుతుంది. డబ్బు పరిమితంగా ఉంటే అయిదు రకాల బొమ్మలను కొంచెం కొంచెం కొనకుండా ఒకే రకాన్ని సమృద్ధిగా కొనండి. అందులోనూ యూనిట్, రెట్టింపు యూనిట్ ఎక్కువగా తీసుకుని, వంపులు, తోరణాలు, త్రికోణాల వంటి ముచ్చటైన ఆకారాలను తగ్గించండి.

అతుక్కునే ప్లాస్టిక్ ఇటుకలు, అయస్కాంత పలకలు బల్లపై ఆటకు బాగుంటాయి గాని అవి చెక్క బ్లాకులకు ప్రత్యామ్నాయం కావు. చెక్క బ్లాకు దేనికీ అతుక్కోదు కనుక తూకం గురించి ఆలోచించే పని బిడ్డదే అవుతుంది. నమూనా బొమ్మ చూసి ఒకే వస్తువు తయారు చేయించే కిట్లు ఈ మూలకు అక్కరలేదు.

కొనేముందు, కొన్నాక చూసుకోవలసినవి:

- అంచులు గుండ్రంగా, నున్నగా ఉన్నాయా? అరచేతితో నిమిరి చూడండి.
- ఒకే కొలత బ్లాకులను పక్కపక్కన నిలబెడితే ఎత్తు సమానంగా ఉందా?
- రంగు వేసినవైతే అది పిల్లల బొమ్మలకు సురక్షితమని తయారీదారు తెలిపారా?
- మూడేళ్లలోపు పిల్లలు గాని, వస్తువులను ఇంకా నోట్లో పెట్టుకునే పిల్లలు గాని ఉంటే, టాయిలెట్ పేపరు రోలు అట్టగొట్టంలో పట్టే వస్తువు ఏదీ మూలలో లేదు కదా?
- అయస్కాంత పలకల్లో పగుళ్లు ఉన్నాయా?

చివరి అంశాన్ని వారానికోసారి తప్పకుండా చూడాలి. బయటపడిన అయస్కాంతాలను బిడ్డ ఒకటికన్నా ఎక్కువ మింగితే అవి పేగు గోడల మీదుగా ఒకదాన్నొకటి లాక్కుని మధ్యలోని కణజాలాన్ని నొక్కి, రంధ్రం పడేలా చేయగలవు. పగిలిన పలకను టేపుతో అతికించి వాడకండి, వెంటనే తీసేయండి. మింగినట్టు అనుమానం వచ్చినా లక్షణాల కోసం ఎదురు చూడకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

## 3. స్థలం సిద్ధం చేయండి

బ్లాకుల మూలకు గదిలో రెండు పక్కల గోడ ఉన్న చోటును ఎంచుకోండి. తలుపు దారిలోనో, చేతులు కడుక్కునే చోటికి వెళ్లే దారిలోనో ఉంటే ప్రతి కట్టడాన్నీ ఎవరో ఒకరి కాలు తన్నేస్తుంది. ఆ తన్నిన బిడ్డను దుడుకు పిల్ల అంటాం గాని, నిజానికి తప్పు దారిది.

నేలపై పలుచని, గట్టి చాప లేదా కురచ నూలు కార్పెట్ పరవండి. అది చప్పుడును తగ్గిస్తుంది. ఒత్తుగా మెత్తగా ఉన్న కార్పెట్ పనికిరాదు, దానిపై రెండో వరుసకే బ్లాకు ఒరిగిపోతుంది.

బ్లాకులను పెట్టెలో కుమ్మరించి పెట్టకండి. పిల్లల ఎత్తుకు తగిన తెరిచిన అరల్లో, ఒక్కో ఆకారానికి ఒక్కో చోటు కేటాయించి, పొడవు తెలిసేలా పేర్చండి. అరమీద ఆ బ్లాకు రూపాన్ని ముదురు కాగితంలో కత్తిరించి అతికిస్తే, చదవడం రాని బిడ్డ కూడా దేన్ని ఎక్కడ పెట్టాలో తెలుసుకుంటుంది. బరువైనవి, పొడవైనవి కింది అరలో ఉండాలి.

అరకు ముందు అరమీటరు మేర నేలపై టేపుతో ఒక గీత వేసి, ఆ గీతకు లోపల ఎవరూ కట్టకూడదని చెప్పండి. ఇది చిన్న ఏర్పాటే గాని, బ్లాకు తీసుకోవడానికి వచ్చినవారు పక్కవారి కట్టడాన్ని పడగొట్టే సందర్భాలు దీనితో బాగా తగ్గుతాయి.

ఇంటి ఆట మూల బ్లాకుల మూలకు పక్కనే ఉంటే పిల్లలు రెండింటినీ కలిపి ఆడతారు. పుస్తకాల మూల దూరంగా ఉండాలి.

## 4. సమయం కేటాయించండి

విడవకుండా సాగే 45 నుంచి 60 నిమిషాలు లక్ష్యంగా పెట్టుకోండి. మొదటి పది పదిహేను నిమిషాలు ఎక్కడికి వెళ్లాలో తేల్చుకోవడంలో, సామాను దించుకోవడంలో, పక్కవారితో మాట కలపడంలో గడిచిపోతాయి. అసలు కట్టడం ఆ తరువాతే మొదలవుతుంది. ఇరవై నిమిషాల ఆట సమయం ఉన్న తరగతిలో పిల్లలు ఎప్పుడు చూసినా గోపురం పేర్చి కూల్చడమే చేస్తున్నారంటే, అంతకు మించినదానికి సమయం చాలదని వారు గ్రహించారన్నమాట.

తరగతి కొత్తదైతే, పిల్లలు మరీ చిన్నవారైతే మొదటి వారం 25 నిమిషాలతో మొదలుపెట్టి వారానికి కొంత చొప్పున పెంచండి. అరగంట చొప్పున రెండు విడతలుగా విడగొట్టడం కన్నా రోజుకు ఒకే పెద్ద విడత మేలు.

ఆట మధ్యలో ఒక్కొక్కరినే పిలిచి చదివించే అలవాటు చాలా చోట్ల ఉంది. తప్పనిసరైతే ఆ బిడ్డ కట్టడం పూర్తయ్యేదాకా ఆగండి.

## 5. మొదటి రెండు వారాల్లో మూలను పరిచయం చేయండి

సామానంతా ఒకేసారి బయట పెట్టకండి.

మొదటి రెండు మూడు రోజులు. యూనిట్, సగం యూనిట్, రెట్టింపు యూనిట్ మాత్రమే అరల్లో ఉంచండి. చిన్న గుంపులతో కూర్చుని, బ్లాకును రెండు చేతులతో ఎలా తీయాలో, నేలపై చప్పుడు కాకుండా ఎలా దించాలో, తిరిగి అరలో ఎలా పెట్టాలో చేసి చూపించండి. చూపించవలసింది ఇంతే. నమూనా ఇల్లు కట్టి చూపించవద్దు, చూపిస్తే వారం పాటు పిల్లలందరూ అదే ఇల్లు కడతారు.

తరువాతి రోజులు. నియమాలను పిల్లలతో మాట్లాడి ఖాయం చేయండి. నాలుగు చాలు, అవి కూడా ఏం చేయాలో చెప్పేవిగా ఉండాలి:

- ఎవరు కట్టినదాన్ని వారే కూల్చవచ్చు.
- కట్టడం కట్టేవారి భుజం ఎత్తు దాకానే ఉండాలి.
- బ్లాకులు నేల మీద, చేతిలో, అరలో ఉంటాయి. గాలిలో ఎగరవు.
- కావలసినన్నే తీసుకోవాలి, అయిపోయాక మళ్లీ వెళ్లవచ్చు.

రెండో వారం. పొడవు బ్లాకులు, స్తంభాలు, వాలు బల్లలు, వంపులు చేర్చండి. వాహనాలు, జంతువులు, మనుషుల బొమ్మలు ఇంకా ఆగాలి. అవి ముందే వస్తే కొందరు పిల్లలు బ్లాకులను ముట్టకుండా కార్లు నడపడంలోనే ఉండిపోతారు.

## 6. ఎంపిక జరిగే పద్ధతిని ఏర్పాటు చేయండి

పిల్లల సంఖ్యకు ఒకటిన్నర రెట్లు ఆట చోట్లు ఉండేలా చూడండి. ఇరవై మంది ఉంటే ముప్పై చోట్లు కావాలి. బ్లాకుల దగ్గర 5, ఇంటి ఆటలో 5, బొమ్మలు గీసే చోట 4, పజిళ్ల దగ్గర 4, ఇసుక, నీళ్ల దగ్గర 4, బంకమట్టి దగ్గర 4, పుస్తకాల దగ్గర 4 అనుకుంటే ఆ లెక్క సరిపోతుంది. ఇరవై మందికి ఇరవై చోట్లే ఉంటే చివరగా వచ్చిన బిడ్డకు మిగిలేది ఎంపిక కాదు.

ఎంపిక బోర్డు మీద ఒక్కో మూల ఫోటో అతికించి, దాని కింద ఎందరికి చోటుందో అన్ని కొక్కేలు పెట్టండి. బిడ్డ తన పేరు, ఫోటో ఉన్న ట్యాగును ఖాళీ కొక్కేనికి తగిలించి ఆటకు వెళుతుంది. మూల మార్చుకోవాలంటే ట్యాగును మార్చుకుంటుంది, టీచరు అనుమతి అడగనక్కరలేదు.

ఆటకు ముందు ఒక్కొక్కరినీ ఏం చేయబోతున్నావని అడగడం, ఆట తరువాత ఏం చేశావని గుర్తు చేసుకోనివ్వడం మంచి అలవాటు. హైస్కోప్ బోధనా పద్ధతిలో ప్రణాళిక, పని, సమీక్ష అనే ఈ మూడంచెల క్రమమే దినచర్యకు కేంద్రం. మూడేళ్ల బిడ్డ వేలు చూపించినా అది ప్రణాళికే. అనుకున్నది ఒకటి, చేసినది మరొకటి అయినప్పుడు తప్పు పట్టకూడదు. అలా ఎందుకు మార్చుకున్నావని కుతూహలంతో అడగండి.

## 7. కట్టడం ఏ దశలో ఉందో గుర్తుపట్టండి

బ్లాకుల ఆట ఒక క్రమంలో ఎదుగుతుంది. అమెరికా విద్యావేత్త హ్యారియట్ జాన్సన్ 1930ల్లో వివరించిన దశలనే ఇప్పటికీ టీచర్లు వాడుతున్నారు.

1. మోయడం, పట్టుకు తిరగడం, కుప్పపోయడం. కట్టడం ఇంకా ఉండదు.
2. నిలువుగా పేర్చడం, అడ్డంగా వరుస పెట్టడం.
3. వంతెన. రెండు బ్లాకుల మధ్య ఖాళీ వదిలి, పైన మూడోదాన్ని పరచడం.
4. ఆవరణ. నాలుగు బ్లాకులతో ఒక చోటును మూసేయడం.
5. అమరికలు, రెండు వైపులా సమానంగా ఉండే అలంకారాలు.
6. కట్టినదానికి పేరు పెట్టడం.
7. ముందే అనుకుని, తెలిసిన చోటునో ఊహించినదాన్నో కట్టి అందులో కథ ఆడటం.

దశలను వయసుతో ముడిపెట్టకండి. బ్లాకులు ఎప్పుడూ ముట్టని అయిదేళ్ల బిడ్డ కూడా మొదటి దశ నుంచే మొదలవుతుంది, కాకపోతే త్వరగా ముందుకు వెళుతుంది. మోసుకు తిరుగుతున్న బిడ్డ సమయం వృథా చేస్తున్నట్టు కనిపిస్తుంది గాని, బరువు, పొడవు, చేతికి తగిలే అంచు అప్పుడే ఆమెకు పరిచయమవుతాయి. ఆ దశలో ఇల్లు కట్టమని తొందరపెట్టకండి.

## 8. ఆట సాగుతున్నప్పుడు టీచరు చేయవలసిన పని

క్రమం ఇది: కూర్చోవడం, చూడటం, ఆగడం, అవసరమైతే ఒక్క మాట అనడం. చాలామందికి కష్టమయ్యేది ఆగడమే. బిడ్డ ఇబ్బంది పడుతుంటే చేయి దానంతటదే ముందుకు వెళుతుంది, ఆ చేతిని ఆపుకోవడం సాధన చేస్తే గాని రాదు.

ఒక సందర్భం చూడండి. నాలుగేళ్ల పాప రెండు స్తంభాలను మూరెడు దూరంలో నిలబెట్టి, వాటిపై రెట్టింపు యూనిట్‌ను పరవబోతుంది. ఒక కొస ఆనుతుంది, రెండో కొస గాలిలో తేలి కింద పడుతుంది. పాప అదే బ్లాకును తిప్పి మళ్లీ పెడుతుంది, అది మళ్లీ పడుతుంది. టీచరు పక్కనే మౌనంగా కూర్చుంటారు. మూడోసారి పాప బ్లాకును పక్కన పెట్టి, స్తంభాల మధ్య ఖాళీని చూసి, ఒక స్తంభాన్ని మోకాలితో లోపలికి నెడుతుంది. ఇప్పుడు పలక నిలిచింది. అప్పుడు టీచరు, "స్తంభాలను దగ్గరికి జరిపావు, పలక రెండింటి మీదా ఆనింది" అంటారు. పాప తల ఎత్తకుండానే, "దూరంగా ఉంటే అందదు టీచర్" అంటుంది.

ఆ మాటను పాప తనంతట తానే అన్నది. రెండోసారి పడినప్పుడే టీచరు స్తంభాన్ని జరిపి ఉంటే అది ఆమె నోట వచ్చేది కాదు.

అనదగిన మాటలు. జరిగినదాన్ని ఉన్నదున్నట్టు వర్ణించండి. "పెద్దవి కింద, చిన్నవి పైన పెట్టావు." "ఈ వైపు రెండు త్రికోణాలు, ఆ వైపు రెండు త్రికోణాలు ఉన్నాయి." మీద, కింద, మధ్య, పక్కన, ఎదురుగా, అంచున, నిలువుగా, అడ్డంగా, వాలుగా వంటి మాటలు బిడ్డ చేతిలో పని జరుగుతున్న క్షణంలో వినబడాలి. స్థల జ్ఞానానికి సంబంధించిన పదజాలం అలా నాటుకున్నంత గట్టిగా చార్టు చదివిస్తే నాటుకోదు.

అడగదగిన ప్రశ్నలు. "దీనిలోకి ఎలా వెళ్లాలి?" "ఇది ఇంకా పొడవు కావాలంటే ఏం చేస్తావు?" "ఇక్కడ తీసేస్తే ఏమవుతుందనుకుంటున్నావు?" ఒక విడతలో ఒక బిడ్డకు ఒకటి రెండు ప్రశ్నలు చాలు, అంతకు మించితే అది పరీక్ష.

మానవలసినవి. "ఇది ఏ ఆకారం? ఇవి ఎన్ని?" అని ఆటను ఆపి అడగడం, "భలే ఉంది, శభాష్" అని ప్రతిదానికీ ఒకే మాట అనడం, ఇంకా రూపం రాని కట్టడాన్ని చూసి ఇదేమిటని అడగడం. చివరి ప్రశ్నకు బిడ్డ మిమ్మల్ని సంతోషపెట్టడానికి ఏదో ఒక పేరు చెప్పేస్తుంది, ఆ తరువాత ఆ పేరుకు కట్టుబడి ఆట ఆగిపోతుంది.

మరి ఎప్పుడు కలగజేసుకోవాలి? ప్రమాదం ఉన్నప్పుడు, ఒకరు మరొకరిని బాధిస్తున్నప్పుడు, బిడ్డ సహాయం అడిగినప్పుడు, అదే ఆట చాలా రోజులుగా ఎక్కడికీ కదలనప్పుడు. చివరి సందర్భంలో మాట కన్నా కొత్త వస్తువు మేలు. కొన్ని అట్టగొట్టాలు, ఒక గుడ్డ ముక్క, కాగితం, పెన్సిల్ మూలలో పెట్టి ఊరుకోండి. బోర్డులు రాయాలని, పటం గీయాలని ఎవరో ఒకరికి తోస్తుంది.

## 9. తగాదాలను, కూల్చివేతలను ఇలా పరిష్కరించండి

తగాదా మొదలవగానే బ్లాకులను లాగేసి మూలను మూసేస్తే పిల్లలు నేర్చుకునేది ఏమీ ఉండదు. ఈ క్రమం పాటించండి.

1. దగ్గరికి నెమ్మదిగా వెళ్లి పిల్లల ఎత్తుకు కూర్చోండి. కొట్టుకుంటుంటే ముందు చేతులు ఆపండి. గొడవకు కారణమైన బ్లాకును మీ చేతిలో ఉంచుకోండి.
2. ఇద్దరి భావాలనూ మాటల్లో పెట్టండి. "నీకు కోపం వచ్చింది. నీకు ఏడుపొస్తోంది."
3. ఏం జరిగిందో ఒకరి తరువాత ఒకరిని చెప్పనివ్వండి.
4. సమస్యను ఒక్క వాక్యంలో చెప్పండి. "పొడవు బ్లాకు ఒకటే ఉంది, ఇద్దరికీ కావాలి."
5. ఏం చేద్దామని అడిగి ఆగండి. పిల్లలు చెప్పే పరిష్కారం మీకు అన్యాయంగా తోచినా ఇద్దరూ ఒప్పుకుంటే ఒప్పుకోండి.
6. కాసేపటికి వెనక్కి వచ్చి అది పనిచేస్తోందో లేదో చూడండి.

మొదటి నెలలో ఇది రోజూ సమయం తింటుంది. ఆ సమయాన్ని పాఠంగానే లెక్కవేసుకోండి.

కూల్చివేత రెండు రకాలు. తనది తాను కూల్చుకోవడం ఆటలో భాగం, దానికి అడ్డు చెప్పనక్కరలేదు. చప్పుడు ఎక్కువైతే చాప మధ్యలో కూల్చమనండి. ఎదుటివారిది కూల్చే బిడ్డకు చాలాసార్లు ఆటలో చేరాలని ఉంటుంది గాని ఎలా చేరాలో తెలియదు. ఆ బిడ్డ పక్కన కూర్చుని, "వాళ్లకు ఇంకా బ్లాకులు కావాలేమో అడుగుదామా?" అని ఒక పాత్ర దొరికేలా చూడండి. కూలిపోయినదాన్ని తిరిగి నిలబెట్టడానికి సాయపడటం క్షమాపణ మాటను బలవంతంగా పలికించడం కన్నా ఎక్కువ పని చేస్తుంది.

## 10. సర్దుడు

పది నిమిషాల ముందు ఒకసారి, అయిదు నిమిషాల ముందు మరోసారి ఒక్కో మూల దగ్గరికి వెళ్లి చెప్పండి. గది మధ్య నుంచి అరిస్తే ఆటలో మునిగినవారికి వినబడదు.

సర్దుడును ఆకారాల వారీగా పంచండి: ఒకరు సగం యూనిట్లు, ఒకరు పొడవు బ్లాకులు. మూలలో ఆడినవారితో పాటు మరో ఇద్దరు చేయి కలపాలి. నలుగురు కట్టినదాన్ని ఆ నలుగురే సర్దాలని పట్టుబడితే, పెద్ద కట్టడం కడితే పెద్ద శిక్ష పడుతుందని పిల్లలు తెలుసుకుని చిన్నవే కడతారు.

పూర్తి కాని కట్టడాన్ని మరునాటికి ఉంచుకునే వీలు ఉండాలి. ఒక కాగితంపై పేరు, 'ఉంచండి' అన్న గుర్తు రాసి పెట్టనివ్వండి. చోటు చాలకపోతే ఫోటో తీసి, మర్నాడు అది చూసి మళ్లీ కట్టుకోమనండి.

చెక్క బ్లాకులను నీళ్లలో నానబెట్టకూడదు. కొద్దిగా సబ్బు నీటిలో పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే ఆరబెట్టండి. పెచ్చు లేచిన చోట సన్నని గరుకు కాగితంతో రుద్దండి.

## 11. తరచుగా ఎదురయ్యే చిక్కులు, వాటికి దారులు

బ్లాకులు విసురుతున్నారు. మూలలో ఎందరున్నారో ముందు లెక్కపెట్టండి. గుంపు ఎక్కువైతే తగ్గించండి. ఒకే బిడ్డ విసురుతుంటే, విసరడానికి వేరే చోట మెత్తని బంతులు, బుట్ట పెట్టి అక్కడికి మళ్లించండి.

ఎప్పుడూ ఆ నలుగురే ఆడుతున్నారు. వరుసలో వేచి ఉండే పేర్ల జాబితా ఒకటి బోర్డు పక్కన తగిలించండి. అది చాలకపోతే, వారంలో ఒక రోజు ఇంతవరకు ఆడనివారికి మొదటి అవకాశం ఇవ్వండి.

అమ్మాయిలు ఆ మూలకు రావడం లేదు. వారికి ఇష్టం లేదని తేల్చేయకండి. టీచరు ఎక్కువసేపు ఎక్కడ కూర్చుంటారో పిల్లలు అక్కడికి చేరతారు కనుక, వారం పాటు మీరు బ్లాకుల దగ్గర కూర్చుని చూడండి. ఇంటి ఆట సామానులో కొంత పక్కకు తెచ్చి పెట్టడం కూడా పనిచేస్తుంది. దానికి బ్లాకులకు గులాబీ రంగు వేయవలసిన అవసరం లేదు.

ఒక బిడ్డ ఒక మూల నుంచి మరో మూలకు తిరుగుతూనే ఉంది. మొదటి వారాల్లో ఇది సహజం. నెల దాటినా మారకపోతే ఎంపికను రెండింటికి కుదించి, ఆమెతో పాటు పది నిమిషాలు కూర్చోండి.

ఒకే బిడ్డ రోజూ బ్లాకులే ఎంచుకుంటోంది. ఆట ఎదుగుతున్నంత కాలం దాన్ని సమస్యగా చూడకండి. రాత, బొమ్మలు గీయడం కూడా రావాలనుకుంటే కాగితాన్ని బ్లాకుల దగ్గరికే తీసుకురండి.

చప్పుడు భరించలేకపోతున్నాం. చాప మారిందా, అరల అడుగున ఫెల్ట్ గుడ్డ ఉందా చూడండి. మాటల రొద వేరు, బ్లాకుల చప్పుడు వేరు. మాటలు తగ్గిస్తే ఆట కూడా తగ్గుతుంది.

## 12. అందరికీ చోటు ఉందా?

చక్రాల కుర్చీలో ఉన్న బిడ్డకు కుర్చీ కిందికి పోయే ఎత్తులో ఒక బల్ల, బ్లాకులు జారిపోకుండా అంచు ఉన్న ట్రే కావాలి. ఆ బల్ల మూలలోనే ఉండాలి, విడిగా కాదు. చేతి పట్టు తక్కువగా ఉన్నవారికి వెల్క్రో అతికించిన తేలికపాటి బ్లాకులు ఉపయోగపడతాయి. చూపు తక్కువగా ఉన్నవారికి అరలపై అతికించిన రూపాలను గరుకు కాగితంతో చేస్తే వేళ్లతో గుర్తుపడతారు. చప్పుడుకు తట్టుకోలేని బిడ్డకు మూలలో ఒక పక్క, వీపు గోడకు ఆనేలా, చిన్న చాపతో సొంత చోటు గుర్తించి ఇవ్వండి. పక్కపక్కనే ఉంటూ ఎవరి ఆట వారు ఆడుకోవడం కూడా ఆటే, కలిసి ఆడి తీరాలని బలవంతం చేయకూడదు.

## 13. నమోదు చేయడం, తల్లిదండ్రులకు చెప్పడం

రోజంతా ఆడుకోవడమేనా అని అడిగే తల్లిదండ్రులకు సిద్ధాంతాలు చెప్పడం వల్ల ఉపయోగం తక్కువ. వారి బిడ్డ కట్టినదాని ఫోటో చూపి, దాని కింద రెండు మూడు వాక్యాలు రాయండి. ఉదాహరణకు: "పొడవు బ్లాకు దొరకలేదు. రెండు యూనిట్లు కలిపి దాని స్థానంలో పెట్టింది. రెండు వైపులా ఒకే ఎత్తు వచ్చేదాకా మూడుసార్లు సరిచూసుకుంది." దీనికి గణితమని పేరు మీరు పెట్టనక్కరలేదు, చదివినవారికే తెలుస్తుంది.

నమోదు పుస్తకంలో రోజుకు ఇద్దరు ముగ్గురు పిల్లల గురించి రాస్తే చాలు. ప్రతి నమోదులో ఉండవలసినవి:

- తేదీ, బిడ్డ పేరు, ఎవరితో ఆడింది.
- ఏం కట్టింది, వీలైతే ఒక గీత బొమ్మ.
- ఆట మధ్యలో అన్న మాట, ఆమె అన్నది అన్నట్టుగానే.
- ఎదురైన చిక్కు, దాన్ని ఎలా దాటింది లేదా ఎక్కడ వదిలేసింది.

బాగుంది, చురుకైనది వంటి తీర్పులు రాయకండి. నెలల తరువాత చదివినప్పుడు వాటి నుంచి ఏమీ తెలియదు. నెలాఖరున పుస్తకం తిరగేసి ఏ పిల్లల పేర్లు అందులో కనిపించలేదో చూసుకుని, మరుసటి వారం వారి పక్కన కూర్చోవడంతో మొదలుపెట్టండి.